అమెరికా అంతర్యుద్ధం: గెలుపు ఎవరిది?

మన భారతంలో యుద్ధ పర్వాలకు సేనాపతుల పేర్లు పెట్టారు. భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు, శల్యుడు - ఒకరు పడిపోగానే ఒక పర్వం ముగుస్తుంది, మరొకరికి సేనాధిపత్యం కట్టబెట్టగానే ఇంకొకటి మొదలవుతుంది. కాని ఉద్యోగ పర్వం చదవకుండా ఈ నాలుగూ చదివినవాడికి ఎవరు ఎవరిని కొట్టారో తెలుస్తుంది గాని, ఎందుకు కొట్టుకున్నారో తెలియదు. అయిదూళ్లయినా ఇవ్వనన్న మాట దగ్గర ఆ యుద్ధం పుట్టిందని ఎరగనివాడికి అది వీరుల కథే. భూమి తగాదా కాదు.

1861 నుంచి 1865 వరకు సాగిన అమెరికా అంతర్యుద్ధం మనకు చాలావరకు ఇలాంటి సేనాపతుల కథగానే అందింది. మన కళాశాలల్లో విద్యార్థి బుల్ రన్, ఆంటీటమ్, గెటిస్‌బర్గ్ అనే పేర్లూ తేదీలూ వల్లిస్తాడు. మెక్లెల్లన్, గ్రాంట్, లీ అనే సేనానుల పేర్లు వల్లిస్తాడు. చివరికి దయామయుడైన లింకన్ బానిసల సంకెళ్లు తెంచాడని రాసి మార్కులు తెచ్చుకుంటాడు. ఇది ఒక పక్షం. దీనికి ఎదురుగా మనలోనే కొందరు మిత్రులు మరో వాదం చేస్తారు. ఉత్తరాది పెట్టుబడిదారులకు మార్కెట్ కావాలి, సుంకాలు కావాలి, అందుకోసం దక్షిణాది భూస్వాములను అణిచారు, బానిసత్వం అన్నది ఒక సాకు మాత్రమే అంటారు. పైకి ఇది భౌతికవాదంలా కనిపిస్తుంది. నా ఉద్దేశంలో ఈ రెండు వాదాలకూ దోషం ఒక్కటే. రెండింటిలోనూ నలభై లక్షల మంది బానిసలు ఊరికే చూస్తూ కూర్చున్నవారే. ఒక వాదంలో వారు దానం పుచ్చుకున్నవారు. రెండవదానిలో వారు పావులు. చరిత్రలో జరిగింది అది కాదు.

యుద్ధానికి మూలం

1860 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో బానిసలు దాదాపు 39,50,000 మంది. వారి మార్కెట్ విలువ మూడు వందల కోట్ల డాలర్లకు పైమాటే. ఆనాటి అమెరికా రైలుమార్గాలూ కర్మాగారాలూ కలిపి లెక్కించినా అంత విలువ లేదు. బ్రిటన్ మిల్లులకు వెళ్లే పత్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా వీరి చేతుల మీదుగా పోయిందే. అంటే బానిసత్వం ఎక్కడో మిగిలిపోయిన పాత ఆచారం కాదు. ప్రపంచ పెట్టుబడిదారీ వ్యవస్థకు ముడిసరుకు అందించిన సజీవమైన దోపిడీ. ఉత్తరాది బ్యాంకులూ ఓడల యజమానులూ కూడా దాని మీద లాభాలు తిన్నవారే. అలాంటప్పుడు ఉత్తరాది పెట్టుబడి అంతా ఏకమై బానిసత్వం మీదికి దండెత్తిందనడం ఎంత తేలిక మాటో చూడండి.

1860 నవంబరులో లింకన్ నూటికి 40 వంతుల ఓట్లతో అధ్యక్షుడయ్యాడు. ఆయన రిపబ్లికన్ పార్టీ బానిసత్వాన్ని రద్దు చేస్తానని చెప్పలేదు. కొత్త ప్రాంతాలకు వ్యాపించనివ్వనని మాత్రమే చెప్పింది. ఆ మాత్రం మాటకే 1860 డిసెంబరు 20న దక్షిణ కరోలినా రాష్ట్రం యూనియన్ నుంచి విడిపోయింది. చివరికి 11 రాష్ట్రాలు కలిసి కాన్ఫెడరసీ అనే వేరు రాజ్యం ప్రకటించుకున్నాయి. ఎందుకని? పత్తి సాగు నేలను పీల్చేస్తుంది; ఎప్పటికప్పుడు కొత్త నేల కావాలి. కొత్త రాష్ట్రాలు రాకపోతే కాంగ్రెస్‌లో తమ బలం క్రమంగా క్షీణిస్తుందని బానిస యజమానులకు తెలుసు. వారు ఈ సంగతి దాచుకోలేదు కూడా. కాన్ఫెడరసీ ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చిలో సవానా నగరంలో ఉపన్యసిస్తూ, నల్లవాడు తెల్లవాడితో సమానం కాడన్నదే తమ రాజ్యానికి మూలరాయి అని బాహాటంగా ప్రకటించాడు. ఓడిపోయాకనే వారికి అది ‘రాష్ట్రాల హక్కుల’ పోరాటంగా గుర్తుకొచ్చింది.

చేతులు కట్టుకుని చేసిన యుద్ధం

1861 ఏప్రిల్ 12న చార్లెస్టన్ రేవులోని సమ్టర్ కోట మీద కాన్ఫెడరసీ ఫిరంగులు పేలాయి. లింకన్ 75,000 మంది స్వచ్ఛంద సైనికులను పిలిచాడు, అదీ 90 రోజులకే. జూలై 21న బుల్ రన్ దగ్గర ఉత్తరాది సేన చెదిరి వాషింగ్టన్‌కు పరుగెత్తింది. తొంభై రోజుల యుద్ధం అన్న భ్రమ ఆ సాయంత్రంతో పోయింది. భ్రమ పోయిందే గాని విధానం మారలేదు. ఆ వారంలోనే కాంగ్రెస్ ఒక తీర్మానం చేసింది: ఈ యుద్ధం యూనియన్‌ను నిలబెట్టడానికే, ఏ రాష్ట్రంలోని బానిసత్వం జోలికీ పోదు అని. కెంటకీ, మిసౌరీ, మేరీలాండ్, డెలవేర్ అనే నాలుగు బానిస రాష్ట్రాలు యూనియన్‌లోనే వుండిపోయాయి. వాటి యజమానులు బెదిరిపోతారేమోనన్న భయం లింకన్‌ను కట్టిపడేసింది. ఆగస్టు చివర మిసౌరీలో సేనాని ఫ్రీమాంట్ తిరుగుబాటుదారుల బానిసలకు విముక్తి ప్రకటిస్తే, లింకన్ ఆ ప్రకటనను సవరింపజేశాడు. కొన్ని వారాలకు ఆ సేనానినే తొలగించాడు.

శత్రువు పొలాన్ని దున్నుతున్నదెవరు? వాడి కోటలకు మట్టి మోస్తున్నదెవరు? వాడి సైన్యానికి తిండి పండిస్తున్నదెవరు? బానిసలే. శత్రువు బలమంతా ఎవరి శ్రమ మీద నిలిచిందో వారిని ముట్టుకోకుండా యుద్ధం చేస్తామన్నారు ఉత్తరాది పెద్దలు.

బానిసలు ఈ తీర్మానాల కోసం ఎదురు చూడలేదు. 1861 మే నెలలో, ఇంకా బుల్ రన్ కూడా జరగకముందే, వర్జీనియాలో ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మెలొరీ, జేమ్స్ టౌన్‌సెండ్ అనే ముగ్గురు బానిసలు రాత్రివేళ పడవ మీద యూనియన్ వారి మన్రో కోటకు చేరుకున్నారు. వారి చేత యజమాని కాన్ఫెడరసీ ఫిరంగి దిబ్బలు కట్టిస్తున్నాడు. తప్పిపోయిన తన ‘ఆస్తి’ని చట్టప్రకారం తిరిగి ఇవ్వమని మర్నాడు కబురు వచ్చింది. కోట అధికారి బట్లర్ వృత్తిరీత్యా వకీలు. ఆస్తి అంటున్నారు కదా, యుద్ధంలో శత్రువుకు పనికొచ్చే ఆస్తిని స్వాధీనం చేసుకోవచ్చు కదా అన్నాడు. మనిషిని సరుకుగా చూసిన చట్టమే ఆ మనిషికి తలుపు తీసింది. కొద్ది రోజుల్లో ముగ్గురు వందలయ్యారు, తర్వాత వేలయ్యారు. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు కూడా నడిచి వచ్చారు. 1861 ఆగస్టులో కాంగ్రెస్ మొదటి స్వాధీన చట్టం చేసిందంటే, ఆ చట్టానికి ముందు నడిచినవి వీరి పాదాలు. యుద్ధం ముగిసేనాటికి సుమారు అయిదు లక్షల మంది ఇలా యూనియన్ సేనల ఆశ్రయంలోకి వచ్చారు. అమెరికన్ నల్లజాతి చరిత్రకారుడు డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ 1935లో రాసిన గ్రంథంలో దీనికి ‘సార్వత్రిక సమ్మె’ అని పేరు పెట్టాడు. ఆ మాట అతిశయోక్తి అన్నవారున్నారు. సంఘం లేదు, జెండా లేదు, పిలుపు లేదు, నిజమే. కాని శ్రమను ఒక పక్షం నుంచి తీసి మరో పక్షానికి మార్చడం సమ్మె కాకపోతే మరేమిటి?

ఆంటీటమ్: యుద్ధం స్వభావం మారిన చోటు

1862 వేసవిలో మెక్లెల్లన్ లక్షమందికి పైగా సేనతో కాన్ఫెడరసీ రాజధాని రిచ్మండ్ వాకిటి దాకా వెళ్లి, ఏడురోజుల యుద్ధంలో లీ చేత వెనక్కి నెట్టబడ్డాడు. ఓడి వచ్చిన సేనాని లింకన్‌కు ఏం రాశాడు? బానిసత్వం జోలికి వెళ్లవద్దని హితవు రాశాడు. ఆయన తప్పటడుగులన్నీ అసమర్థత వల్లనే అనుకోవడం పొరపాటు. గట్టిగా గెలిస్తే సమాజం తలకిందులవుతుందని భయపడే సేనాని గట్టిగా కొట్టలేడు.

ఈ సమయంలో మార్క్సుకూ ఎంగెల్సుకూ మధ్య ఉత్తరాలలో నడిచిన వాదం మనకు గొప్ప పాఠం. ఎంగెల్సు యుద్ధశాస్త్రం బాగా తెలిసినవాడు. ఉత్తరాది సేనల మందకొడితనం చూసి, దక్షిణాది కనీసం మనసు పెట్టి పోరాడుతోందని, ఉత్తరాది గెలుస్తుందన్న నమ్మకం పోతోందని విసుక్కున్నాడు. మార్క్సు ఒప్పుకోలేదు. నువ్వు యుద్ధరంగం ఒక్కటే చూస్తున్నావన్నాడు. ఇంతదాకా నడిచింది రాజ్యాంగానికి లోబడిన యుద్ధమనీ, ఇక విప్లవ పద్ధతి యుద్ధం మొదలు కాబోతున్నదనీ 1862 ఆగస్టులో వియన్నా పత్రికలో రాశాడు. నల్లవారి పటాలం ఒక్కటి నిలబడితే చాలు, దక్షిణాది గుండె జారుతుందన్నాడు. ఆ మాట నిజం కావడానికి ఏడాది కూడా పట్టలేదు.

లింకన్ జూలై 22ననే విమోచన ప్రకటన ముసాయిదాను మంత్రివర్గం ముందుంచాడు. ఓటముల మధ్య ప్రకటిస్తే అది నిస్సహాయుడి కేకలా వినిపిస్తుంది, ఒక విజయం వచ్చేదాకా ఆగమన్నాడు విదేశాంగ మంత్రి సీవర్డ్. ఆ ‘విజయం’ సెప్టెంబరు 17న మేరీలాండ్‌లోని ఆంటీటమ్ ఏటి ఒడ్డున వచ్చింది. ఒక్కరోజులో ఇరుపక్షాలా చనిపోయినవారు, గాయపడినవారు, గల్లంతయినవారు కలిసి సుమారు 23,000. అమెరికా చరిత్రలో అంత నెత్తురు కారిన రోజు మరొకటి లేదు. సైనిక దృష్టితో చూస్తే అది గెలుపో ఓటమో తేలని యుద్ధం. లీ తన సేనతో నదిదాటి తప్పించుకుపోయాడు, మెక్లెల్లన్ వెంటాడలేదు. కాని అయిదు రోజులకు, సెప్టెంబరు 22న, లింకన్ తొలి ప్రకటన విడుదల చేశాడు. 1863 జనవరి 1న అది అమలులోకి వచ్చింది. తేలని యుద్ధాన్ని నిర్ణాయక యుద్ధంగా మార్చింది ఫిరంగి కాదు, ఆ కాగితం. ఆ కాగితాన్ని రాయించింది మన్రో కోట దాకా నడిచివచ్చిన పాదాలు.

ప్రకటనకు లోపాలు లేవా? వున్నాయి. యూనియన్‌లోని నాలుగు బానిస రాష్ట్రాలకు అది వర్తించదు. అప్పటికే యూనియన్ చేతికి వచ్చిన కొన్ని ప్రాంతాలకూ వర్తించదు. తన అధికారం లేని చోటనే లింకన్ విడుదల చేశాడని ఆనాడే ఎగతాళి చేశారు. కాని అందులో నల్లవారిని సైన్యంలోకి తీసుకుంటామన్న మాట వుంది. పత్తిచేనులో వంగి పనిచేసిన మనిషికి తుపాకి ఇచ్చిన తర్వాత పాత రాజ్యాంగం తిరిగి రావడం సాధ్యమా?

లాంకషైర్, కాకినాడ

ఈ ప్రకటనకు సముద్రం అవతల కూడా ఫలితం కనిపించింది. 1862 శరత్కాలంలో బ్రిటిష్ మంత్రులు మధ్యవర్తిత్వం పేరిట కాన్ఫెడరసీని గుర్తించే ఆలోచనలో వున్నారు. అక్టోబరులో గ్లాడ్‌స్టన్ దక్షిణాది నాయకులు ఒక జాతినే నిర్మించారని బహిరంగంగా పొగిడాడు. పత్తి రాక లాంకషైర్ మిల్లులు మూతపడ్డాయి. ఆ ఏడాది చివరికి ఆ ప్రాంతంలో నాలుగు లక్షలకు పైగా జనం ధర్మసహాయం మీద బతుకుతున్నారు. కార్మికులందరూ ఒకే మాట మీద లేరు. కాన్ఫెడరసీని గుర్తిస్తే పత్తి వస్తుందన్నవారూ వున్నారు. అయినా డిసెంబరు 31న మాంచెస్టర్ కార్మికులు సభ చేసి బానిసత్వ నిర్మూలనకు మద్దతుగా లింకన్‌కు లేఖ పంపారు. తమ ఆకలికి కారణమైన దిగ్బంధాన్ని ఎత్తేయమని వారు అడగలేదు. లింకన్ జనవరిలో వారికి జవాబు రాశాడు. విమోచన యుద్ధమని తేలిపోయాక బ్రిటన్ మంత్రులకు దక్షిణాది పక్షాన నిలవడం కష్టమయింది.

ఆ పత్తి కరువు మన రేవులను కూడా తాకింది. అమెరికా పత్తి ఆగిపోగానే మాంచెస్టర్ వర్తకులు ఇండియా మీద పడ్డారు. గుంటూరు సీమ పత్తి కాకినాడ రేవు గుండా ఓడలెక్కింది. ఆ పత్తికి మార్కెట్‌లో ‘కోకనాడ’ అనే పేరు స్థిరపడింది. ధర పెరిగినప్పుడు రైతు కంటే షావుకారు లాభపడ్డాడు. 1865లో యుద్ధం ముగిసి ధర కూలినప్పుడు మాత్రం అప్పు రైతు మెడకు చుట్టుకుంది. 1875లో పూనా, అహమ్మదునగరు జిల్లాల రైతులు వడ్డీవ్యాపారుల దస్తావేజులు తగలబెట్టడం వెనుక ఈ ధరల పతనం కూడా ఒక కారణం. వర్జీనియా పొలాలలో పేలిన తుపాకి మోత వినని రైతు ఆ యుద్ధపు లెక్క చెల్లించాడు.

రెండు పక్షాలలోనూ వర్గాలు

1863 జూలై మొదటివారాన్ని సైనిక చరిత్రకారులు యుద్ధంలో గొప్ప మలుపు అంటారు. అది నిజమే. జూలై 1 నుంచి 3 వరకు పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ దగ్గర లీ దండయాత్ర విరిగిపోయింది. ఇరువైపులా నష్టం సుమారు 51,000 మంది. మర్నాడే మిసిసిపీ నది ఒడ్డున విక్స్‌బర్గ్ కోట గ్రాంట్‌కు లొంగిపోయింది. దాదాపు 30,000 మంది ఆయుధాలు కిందపెట్టారు. నది యూనియన్ చేతికి వచ్చి, కాన్ఫెడరసీ రెండు ముక్కలయింది.

కాని అదే నెలలో జరిగిన మరో రెండు సంఘటనలు లేకుండా ఈ మలుపు అర్థం కాదు. జూలై 13 నుంచి న్యూయార్క్‌లో నిర్బంధ సైనిక సేవా చట్టం మీద అల్లర్లు చెలరేగాయి. 300 డాలర్లు కడితే సైన్యంలోకి పోనక్కరలేదన్నది ఆ చట్టం. ధనికుడికి డబ్బు, పేదవాడికి చావు! ఆ కోపం న్యాయమైనదే. కాని అది ధనికుల మీదికి పోవలసింది పోయి నల్లవారి మీదికి మళ్లింది. నల్లజాతి అనాథ పిల్లల ఆశ్రమాన్ని తగలబెట్టారు; మనుషులను దీపస్తంభాలకు ఉరితీశారు. వంద మందికి పైగా చనిపోయారు. దోపిడీకి గురయినవాడు తనకంటే కిందివాడిని కొట్టి తృప్తిపడడం మన దేశంలో కులం పేరుతో రోజూ చూస్తున్నదే.

ఆ అల్లర్లు చల్లారిన రెండు రోజులకే, జూలై 18న, దక్షిణ కరోలినాలో వాగ్నర్ కోట మీద మసాచుసెట్స్ 54వ పటాలం దాడి చేసింది. నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ కొడుకులిద్దరు చేరిన నల్లవారి పటాలమది. కోట చిక్కలేదు, చాలామంది నేలకొరిగారు, తెల్లజాతి దళపతి రాబర్ట్ షా కూడా అక్కడే చనిపోయాడు. నల్లవాడు నిలబడి పోరాడగలడా అన్న ప్రశ్న ఆ రాత్రితో ముగిసింది. అంతకుముందు వేసవిలోనే పోర్ట్ హడ్సన్, మిల్లికెన్స్ బెండ్ దగ్గర కూడా నల్ల పటాలాలు అదే జవాబు చెప్పాయి. తెల్ల సైనికుడికి నెలకు 13 డాలర్లు, నల్ల సైనికుడికి 10 డాలర్లు, అందులో బట్టలకని 3 డాలర్ల కోత. 54వ పటాలం వారు సమానం కాని జీతం మాకు వద్దని తిప్పికొట్టి, జీతం లేకుండానే పోరాడారు. 1864 జూన్‌లో కాంగ్రెస్ దిగివచ్చింది. ఇది యుద్ధమా, సమ్మెనా? రెండూ.

దక్షిణాదిలోనూ వర్గం తన పని తాను చేసింది. 20 మంది బానిసలున్న తోటకు ఒక తెల్లవాడికి సైన్యం నుంచి మినహాయింపు ఇస్తూ 1862 అక్టోబరులో కాన్ఫెడరసీ చట్టం చేసింది. 1863 ఏప్రిల్‌లో రిచ్మండ్ వీధుల్లో ఆడవాళ్లు తిండి కోసం దుకాణాలు పగలగొట్టారు. బానిసలు లేని పేద తెల్ల రైతు తన పొలం బీడుపడుతుంటే, పెద్దవారి బానిసల కోసం తానెందుకు చావాలని సేన వదిలి ఇంటిదారి పట్టాడు.

బ్యాలట్ పెట్టె కూడా యుద్ధరంగమే

1864 వేసవిలో గ్రాంట్ వర్జీనియాలో భయంకరమైన నష్టాలతో ముందుకు నడిచాడు. ఉత్తరాదిలో జనం విసిగిపోయారు. డెమొక్రాట్లు యుద్ధం ఆపి సంధి చేసుకోవాలన్న ప్రణాళికతో మెక్లెల్లన్‌ను అభ్యర్థిగా నిలబెట్టారు. విమోచన షరతు వదిలేస్తే సంధి కుదురుతుందని లింకన్ సొంత పార్టీవారే ఆయనను ఒత్తిడి చేశారు. తాను ఓడిపోతానని ఆగస్టు 23న ఆయన ఒక కాగితం మీద రాసి, మడిచి, మంత్రుల చేత చూడకుండానే సంతకాలు పెట్టించాడు. అయినా షరతు వదల్లేదు. నల్ల సైనికులను వదులుకుంటే మూడు వారాల్లో యుద్ధమే వదులుకోవాలని చెప్పాడు. నా దృష్టిలో లింకన్ గొప్పతనం ఇక్కడ వుంది: ప్రజలు నెట్టిన చోటికి వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి రాకపోవడంలో.

సెప్టెంబరు 2న షెర్మన్ సేన అట్లాంటాను పట్టుకుంది. నవంబరు 8న లింకన్ 212 ఎలక్టరల్ ఓట్లతో గెలిచాడు, మెక్లెల్లన్‌కు 21. తమ పాత సేనానిని కాదని సైనికులు అత్యధికంగా లింకన్‌కే వేశారు. అట్లాంటా లేకపోతే ఎన్నిక లేదు. ఎన్నిక లేకపోతే 1865 జనవరి 31న బానిసత్వాన్ని నిషేధించే 13వ రాజ్యాంగ సవరణ కాంగ్రెస్‌లో నెగ్గేది కాదు. ఏప్రిల్ 9న అపొమాటాక్స్‌లో లీ లొంగిపోయే నాటికి సుమారు 1,80,000 మంది నల్లవారు యూనియన్ సైన్యంలో పనిచేశారు. వారిలో ఎక్కువమంది నిన్నటి బానిసలు. ఇరుపక్షాల చావులు 6,20,000 అని చాలాకాలం లెక్క చెప్పారు. జనాభా లెక్కలను తిరిగి పరిశీలించిన ఇటీవలి పరిశోధనలు దాదాపు 7 లక్షలంటున్నాయి.

ఇవ్వని నేల

1865 జనవరి 12న సవానాలో షెర్మన్ 20 మంది నల్లజాతి మతబోధకులను పిలిచి మీకేం కావాలని అడిగాడు. వారి తరఫున మాట్లాడిన గారిసన్ ఫ్రేజియర్ భూమి కావాలన్నాడు. దాన్ని మా శ్రమతో మేమే దున్నుకుంటామన్నాడు. నాలుగు రోజులకు షెర్మన్ తీరప్రాంతపు భూములను కుటుంబానికి 40 ఎకరాల చొప్పున కేటాయిస్తూ ఉత్తర్వు జారీ చేశాడు. సుమారు 40,000 మంది అక్కడ స్థిరపడ్డారు. ఏప్రిల్‌లో లింకన్ హత్య జరిగింది. తర్వాత వచ్చిన అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ ఏడాది చివరికే భూములను పాత యజమానులకు తిరిగి ఇప్పించాడు.

ఇదే ఈ యుద్ధంలో చివరి పెద్ద మలుపు. అక్కడ తుపాకి పేలలేదు కనుక యుద్ధాల జాబితాలోకి ఎక్కలేదు. పౌరసత్వం 1868లో వచ్చింది, జాతిభేదం లేని ఓటు 1870లో వచ్చింది, భూమి రాలేదు. భూమి లేని ఓటు 1877లో సేనలు వెనక్కి పోగానే కొరడా కింద, ఉరితాడు కింద నలిగిపోయింది. మాజీ బానిస పాత యజమాని పొలంలోనే పాలికాపు అయ్యాడు. వెట్టి పోవడం ఒకటి, నేల రావడం వేరొకటి అన్న సంగతి తెలంగాణ చరిత్ర చదివిన మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ తర్వాత జ్ఞాపకాన్ని కూడా దోచుకున్నారు. 1890లో రిచ్మండ్‌లో లీ విగ్రహం లేచింది. 1913లో గెటిస్‌బర్గ్ యాభయ్యేళ్ల పండుగలో ఇరుపక్షాల ముసలి సైనికులు చేతులు కలిపారు. ఇద్దరూ వీరులే అన్నారు, ఎందుకు పోరాడారన్నది మరుగున పడింది. చరిత్రను యుద్ధాల జాబితాగా చెప్పడం అమాయకమైన పని కాదని నేను అనడానికి కారణం ఇదే. వీరత్వం రెండు పక్షాలకూ పంచవచ్చు. న్యాయాన్ని అలా పంచలేము. లీ విగ్రహం దిగడానికి 2021 దాకా పట్టింది.

1873లో మహాత్మా జోతిరావు ఫూలే ‘గులాంగిరి’ని ప్రచురిస్తూ, నల్లవారిని బానిసత్వం నుంచి విడిపించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. సేనాపతికి కాదు, అధ్యక్షుడికి కాదు, ప్రజలకు. పూనాలో వున్న ఆయనకు ఆ యుద్ధం ఎవరు గెలిచారో తెలుసు; తన దేశంలో అది ఇంకా మొదలు కాలేదని కూడా తెలుసు. మనం విద్యార్థులకు ఆంటీటమ్ తేదీ చెబుదాం, గెటిస్‌బర్గ్ తేదీ చెబుదాం. వాటితోపాటు మన్రో కోటకు పడవలో వచ్చిన ముగ్గురి పేర్లూ, ఇచ్చి లాక్కున్న 40 ఎకరాల సంగతీ చెబుదాం. ఆ రెండూ చెప్పని పాఠం సగం పాఠమే.